టికింటర్‌లో స్క్రోలింగ్ దోషాలను గుర్తించడం

ఈ భాగం చదివిన తర్వాత మీరు స్క్రోల్ కాని విండోలో దోషం ఎక్కడుందో గుర్తించి, సరిచేయగలుగుతారు.

స్క్రోలింగ్ దోషానికి సాధారణంగా ఎర్రర్ సందేశం రాదు. ప్రోగ్రాం మామూలుగానే నడుస్తుంది, కాని కింది వరుసలు వాడేవారికి అందవు. ఉదాహరణకు, గుంటూరు-నంద్యాల రైలు మార్గంలోని 20 స్టేషన్ల పేర్లను లేబుళ్లుగా ఒక ఫ్రేములో అమర్చి, ఆ ఫ్రేమును కాన్వాస్‌లో ఉంచామనుకుందాం. ఒక్కో వరుస ఎత్తు 30 పిక్సెళ్లు, కాన్వాస్ ఎత్తు 300 పిక్సెళ్లు. కాబట్టి మొదటి 10 పేర్లే కనిపిస్తాయి. తర్లుపాడు, కంభం, గిద్దలూరు కింది సగంలో ఉండిపోతాయి. చూసేవారు ఆ స్టేషన్లు పట్టికలోనే లేవనుకుంటారు.

కోడ్ మార్చే ముందు కాన్వాస్ వైవ్యూ మెథడ్ ఇచ్చే రెండు సంఖ్యలను ప్రింట్ చేయండి. కనిపించే భాగం మొత్తం ఎత్తులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అవి తెలుపుతాయి. ఇక్కడ మొత్తం ఎత్తు 600 కనుక మొదట 0.0, 0.5 రావాలి.

1. 0.0, 1.0 వస్తే: అంతా కనిపిస్తోందని కాన్వాస్ భావిస్తోంది. స్క్రోల్‌రీజియన్ ఇవ్వలేదు, లేదా లేబుళ్లు అమరకముందే కొలిచి ఇచ్చారు. లోపలి ఫ్రేము పరిమాణం మారినప్పుడల్లా వచ్చే కాన్ఫిగర్ ఈవెంట్‌లో దాన్ని మళ్లీ లెక్కించండి.

2. సంఖ్యలు సరిగా ఉన్నా స్క్రోల్‌బార్ పనిచేయకపోతే: అనుసంధానం రెండు వైపులా ఉండాలి. బార్‌ను లాగినా పట్టిక కదలకపోతే బార్‌కు కమాండ్ ఇవ్వలేదు. పట్టిక కదిలినా బార్ కదలకపోతే కాన్వాస్‌కు వైస్క్రోల్‌కమాండ్ ఇవ్వలేదు.

3. బార్ పనిచేసి, మౌస్ చక్రం పనిచేయకపోతే: కాన్వాస్‌కు చక్రం బైండింగ్ ముందుగా ఉండదు, మనమే రాయాలి. పైగా ఈవెంట్ మౌస్ గుర్తు కింద ఉన్న లేబుల్‌కు చేరుతుంది కనుక కాన్వాస్‌కు మాత్రమే బైండ్ చేస్తే చాలదు. విండోస్‌లో చక్రం ఒక్క మెట్టు తిరిగితే డెల్టా విలువ సాధారణంగా 120 లేదా -120. టీకే 8.6 ఉన్న లినక్స్‌లో మౌస్‌వీల్ ఈవెంట్‌కు బదులు 4, 5 సంఖ్యల బటన్ ఈవెంట్లు వస్తాయి. అందుకే ఒక కంప్యూటర్‌లో పనిచేసిన కోడ్ మరొకదానిలో పనిచేయకపోవచ్చు.

ఈ మూడింటినీ ఇదే వరుసలో పరీక్షించండి. కొలత తప్పయితే మిగిలిన రెండూ సరిచేసినా ఫలితం ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో 30 వరుసలుంటే వైవ్యూ మొదట ఏ సంఖ్యలు ఇవ్వాలి?

జవాబు: మొత్తం ఎత్తు 900 పిక్సెళ్లు. కనిపించేది 300. కాబట్టి 0.0, సుమారు 0.33.