గుంటూరు సర్కారు గుత్త - మైసూరు యుద్ధము



రాజ్యములకు రాజ్యములకు నడుమ పుట్టిన స్పర్ధలు మహాయుద్ధములుగా నెట్లు పరిణమించునో చెప్పవలసినదని నన్ను కోరిరి. ఈ విషయమును వివరించువారు సాధారణముగా 1914వ సంవత్సరపు ఐరోపా సంగతులను ఉదాహరణముగా దీసికొందురు. నేనంత దూరము పోనక్కరలేదు. పత్తియు మిరపయు పండు మన గుంటూరు సీమయే యొకప్పుడు అట్టి యుద్ధమునకు ఒక కారణమైనది. పోరు జరిగినది ఇక్కడ గాదు, దక్షిణమున కంచి దగ్గర. అందువలననే కాబోలు, పల్నాటి వీరుల కథ తెలిసినట్లు ఈ కథ మనవారిలో పెక్కుమందికి తెలియదు.

మన కోస్తాసీమను ఆ కాలమున సర్కారులనెడివారు. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు - ఇవి అయిదు. గుంటూరునకు దస్తావేజులలో ముర్తజానగరమని పేరు. 1766వ సంవత్సరము నవంబరులో నిజాము ఆలీఖాను ఇంగ్లీషు కంపెనీతో చేసికొన్న ఒడంబడిక వలన నాలుగు సర్కారులు కంపెనీ వశమయ్యెను. గుంటూరు మాత్రము నిజాము సోదరుడగు బసాలతుజంగు జీవించి యున్నంతకాలము అతనిదే. అతని యనంతరము అదియు కంపెనీకి చెందవలెను. 1768లో వ్రాసికొన్న రెండవ ఒడంబడికలోను ఈ షరతు నిలిచినది.

గుంటూరు సర్కారు ఉత్తరమున కృష్ణ మొదలు దక్షిణమున గుండ్లకమ్మ వరకు వ్యాపించియుండెను. కృష్ణకు ఆవల బందరు కంపెనీది. గుండ్లకమ్మకు ఈవల ఒంగోలు, నెల్లూరు సీమలు ఆర్కాటు నవాబువి. నవాబు కంపెనీ చేతిలోని మనిషి. నేడు చెన్నపట్టణము నుండి కలకత్తాకు బోవు రాజబాట ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరుల మీదుగానే గదా పోవుచున్నది! తన పొలము నడుమ పరుల మడి యొకటి యున్న రైతునకు కంటికి నిద్ర యుండదు. చెన్నపట్టణములోని దొరలకు గుంటూరు సర్కారు అట్లుండెను.

ఆ మడికి సముద్రమువైపు ఒక వాకిలి గూడ నున్నది. అది మోటుపల్లి రేవు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున విదేశ వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించిన రేవు అదియే. ఆ శాసనస్తంభము అక్కడి వీరభద్రాలయమున నున్నది. ఓడ పగిలిన వర్తకుని సొమ్ము రాజు హరింపరాదని చాటిన ఆ రేవుననే, అయిదువందల యేండ్లు గడచిన పిమ్మట, ఫ్రెంచి సిపాయిలును మందుగుండును దిగజొచ్చెను. బసాలతుజంగు అదవానిలో నుండి, అన్నదమ్ముల భయము చేతను, మైసూరు హైదరాలీ భయము చేతను లాలీ యను ఫ్రెంచి సేనానిని కొలువునం దుంచుకొనెను. అతని మట్టునకు అది ఆత్మరక్షణము. ఆ లాలీ దళమునకు కావలసినది మోటుపల్లి నుండియే చేరుచుండెడిది.

ఇంగ్లీషువారి దృష్టిలో ఇది వేరుగా గనబడెను. 1753లో ఈ సర్కారులు ఫ్రెంచి దొర బుస్సీ వశమగుట, 1759లో బందరుకోటను రాత్రివేళ ముట్టడించి ఫ్రెంచివారిని వెడలగొట్టుట, వారింకను మరువలేదు. ఇంతలో సముద్రముల కావల అమెరికాలోని ఇంగ్లీషు వలసలు తమ రాజుపై తిరుగబడెను. 1778లో ఫ్రాన్సు ఆ తిరుగబడినవారితో పొత్తు గుదుర్చుకొనెను. మరల ఇంగ్లండునకు ఫ్రాన్సునకు యుద్ధము. అమెరికాలో రాజుకొన్న అగ్గి గుండ్లకమ్మ యొడ్డును జేరుటకు ఒక్క యేడు పట్టినది.

ఆ సంవత్సరము అక్టోబరులోనే కంపెనీ సేనలు పుదుచ్చేరిని పట్టుకొనెను. 1779 మార్చిలో మలబారు తీరమున మాహే రేవును పట్టెను. మాహే ఫ్రెంచివారిదే యైనను, హైదరాలీకి తుపాకులు, గుండ్లు దిగు రేవు అది. అది తన రక్షణలో నున్నదని ఆయన ముందే హెచ్చరించియుండెను. ఇట్లు ఫ్రెంచివారిని కొట్టబోయిన దెబ్బ మైసూరునకు దగిలినది.

ఆ యేడే చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ రంబోల్డు బసాలతుజంగుతో ఒప్పందము చేసికొనెను. అతడు ఫ్రెంచివారిని పంపివేయవలెను, కంపెనీ దళమును రక్షణకై ఉంచుకొనవలెను, గుంటూరు సర్కారును కంపెనీకి గుత్త కీయవలెను. ఆ గుత్తను రంబోల్డు వెంటనే ఆర్కాటు నవాబునకు పదియేండ్లకు మారుగుత్త యిచ్చెను. ఈ వ్యవహారమంతయు నిజాముతో ఒక్క మాటయైన చెప్పక జరిగినది. తన సోదరుని సీమ, తన కిష్టములేని నవాబు చేతికి, తనకు తెలియకుండ! మీరే ఆలోచింపుడు.

గుంటూరు నుండి అదవానికి బయలుదేరిన హార్పరు దొర దళము కడప సీమ మీదుగా పోవలసియుండెను. కడప అప్పటికి హైదరాలీ ఏలుబడిలోనికి వచ్చియుండెను. అనుమతి యడుగకయే దళము కనుమలలో ప్రవేశించెను. హైదరు మనుష్యులు దారి కట్టివేసిరి. దళము వెనుకకు మరలినది. అదవానిలో ఇంగ్లీషు సేన నిలిచినచో తన రాజ్యము ప్రక్కలో బల్లెము నిలిచినట్లే యని హైదరు తలంచెను. అందులో అసత్యము లేదు. ఆయనయు అదవానిపై కన్ను వేసియే యుండెను, అదియు అసత్యము గాదు.

ఒక చిత్రము వినుడు. సరిగా ఆ దినములలోనే రంబోల్డు, ష్వార్ట్జ్ అను పాదిరిని శ్రీరంగపట్టణమునకు పంపి, కంపెనీకి సమాధానమే కావలెనని హైదరుతో చెప్పించెను. హైదరు పాదిరిని గౌరవించెను. మాటలను నమ్మలేదు. ఒక చేత మాహేను, ఒక చేత గుంటూరును పట్టుకొని నోట శాంతి పలికిన నమ్ముటెట్లు?

నిజాము కోపమును కనిపెట్టినవాడు ఒకడుండెను. హైదరాబాదులో కంపెనీ తరఫున నున్న హాలండు దొర ఆ సంగతిని కలకత్తాలోని వారన్ హేస్టింగ్సుకు తెలియజేసెను. చెన్నపట్టణపువారు తమ తప్పు దిద్దుకొనుటకు మారుగా, ఇంటి గుట్టు పైవారికి చెప్పితివని అతనిని కొలువు నుండి తొలగించిరి. హేస్టింగ్సు అతనిని తన తరఫున మరల నియమించెను.

రచ్చబండ మీద తీర్పులు చెప్పిన పెద్దలు మీరు. రెండిండ్లవారి గట్టుతగవు ఊరి తగవుగా మారుటకు గట్టు కారణము గాదని మీరెరుగుదురు. ఒకనికి పదియేండ్ల నాటి నీళ్లవంతు తగవు, ఇంకొకనికి చెడిన వియ్యము, మరియొకనికి బాకీ. ఎవరి కోపము వారిదే. గట్టు వారి నందరిని ఒకచోటికి చేర్చును. ఇక్కడను అంతే. మహారాష్ట్రులకు 1775 నుండి కంపెనీతో యుద్ధము. హైదరునకు 1769లో చేసిన సహాయ వాగ్దానమును కంపెనీ తప్పినదను కోపము, దానిపై మాహే. నిజామునకు బాకీపడిన సర్కారుల పేష్కషు, దానిపై గుంటూరు. అంతకుముందు ఒకరితో నొకరు పోరాడుకొన్న ఈ మువ్వురును 1780 ఆరంభమునకు ఒక్కటైరి. మాహే దెబ్బయే హైదరునకు ఎక్కువ యని నా యభిప్రాయము. కాని నిజామును ఆ కూటమిలోనికి లాగినది మాత్రము గుంటూరు గుత్తయే.

1780 జూలైలో హైదరాలీ సుమారు 80,000 సేనతో కనుమలు దిగి కర్ణాటకము మీద పడెను. పల్లెలు తగులబడెను. అప్పుడు గుంటూరులో నున్న దళమును, హార్పరు స్థానమున వచ్చిన బెయిలీ నాయకత్వమున, దక్షిణమునకు పిలిచిరి. దారిలో కొర్తలయారు పొంగి కొన్ని దినములు నిలిపివేసినది. కంచిలో నున్న మన్రో సేనతో కలియుటకు కొలది క్రోసులే మిగిలియుండగా, సెప్టెంబరు 10వ తేదీన, పొల్లిలూరు వద్ద హైదరు, టిప్పులు బెయిలీని చుట్టుముట్టిరి. నాలుగువేలకు లోబడిన ఆ దళము నాశనమయ్యెను. బెయిలీ ఖైదీయై 1782లో శ్రీరంగపట్టణముననే మరణించెను. మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి చెరువులో ద్రోయించి చెన్నపట్టణమునకు మరలెను. ఆ పోరున హైదరు పక్షమున నిలిచినవారిలో లాలీ యుండెను. గుంటూరు గుత్త కొరకు వెడలగొట్టబడిన ఫ్రెంచివాడే గుంటూరు నుండి వచ్చిన దళమునకు ఎదురు నిలిచెను.

హేస్టింగ్సు గుంటూరును బసాలతుజంగునకు మరల నీయవలసినదని ఆజ్ఞాపించెను. రంబోల్డు స్థానమున నున్న వైట్‌హిల్ అందుకు జాగు చేసినందున, 1780 నవంబరులో అతనిని అధికారము నుండి తొలగించిరి. సర్కారు తిరిగివచ్చిన పిదప నిజాము కూటమికి దూరమై యుద్ధములో దిగలేదు. కాని మిగిలిన యుద్ధము ఆగలేదు. 1782లో చెన్నపట్టణమున కరవువాత బడినవారికై గంజిసత్రము పెట్టవలసివచ్చెను. ఆ డిసెంబరులో హైదరు చిత్తూరు సమీపమున మరణించెను. 1783లో ఐరోపాలో సంధి జరిగినదన్న వార్త వచ్చిన పిమ్మట కడలూరులో ఫ్రెంచివారు ఆయుధములు దించిరి. 1784 మార్చి 11వ తేదీన మంగుళూరిలో టిప్పు సంధి చేసికొనెను. ఎవరు పట్టుకొన్న సీమలను వారు తిరిగి యిచ్చివేసిరి.

బసాలతుజంగు 1782లో మరణించెను. 1768 నాటి షరతును జూపి కంపెనీ 1788లో, యుద్ధము లేకయే, గుంటూరును పుచ్చుకొనెను. నిజామునకు కట్టవలసిన పేష్కషు మాత్రము 1823 వరకు మిగిలియుండెను. ఆ యేట మొత్తముగా సొమ్ము చెల్లించి దానిని తీర్చివేసిరి.