పొడవైన జుట్టున ఉంగరాలు ఏల నిలువవు?

నడుము దిగిన ఒత్తైన జుట్టునకు ఉదయమున శ్రద్ధతో తీర్చిన ఉంగరాలు మధ్యాహ్నమునకే సాగిపోవుట చూచి నిరుత్సాహపడిన బాలికలారా, ఇందు మీ చేతి దోషము లేదు. కారణము వెంట్రుక నిర్మాణమునందే కలదు.

వెంట్రుక ప్రధానముగా కెరాటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. దాని అణుమాలికలను కూర్చు బంధములలో గంధకపు బంధములు దృఢమైనవి, నీటికి లొంగవు. హైడ్రోజన్ బంధములు మాత్రము, దుర్బలములే యైనను లెక్కకు మిక్కిలియై, తడికిని వేడికిని విడిపోయి, ఆరినపుడును చల్లారినపుడును, వెంట్రుక అప్పుడు ఏ వంపున నున్నదో ఆ వంపుననే మరల ముడివడును. రాత్రి చెమ్మగా నున్న జుట్టును జడ యల్లి ఉదయమున విప్పినపుడు కానవచ్చు అలలకు ఇదియే మూలము.

అయితే పొడవు పెరిగినకొలది, క్రింది జుట్టు భారమంతయు పైనున్న వంపులను నిరంతరము లాగుచుండగా, గాలిలోని తేమ ఆ దుర్బల బంధములను మెల్లమెల్లగా సడలించును. విశాఖపట్నము వంటి తీరపట్టణములందు ఉక్కపోత దినములలో ఉంగరము త్వరగా జారుట ఇందువలననే.

కావున జుట్టును సన్నని పాయలుగా తీసి, కోరినదానికంటె బిగువుగా చుట్టి, పూర్తిగా ఆరువరకు, వేడి తగిలించినచో పూర్తిగా చల్లారువరకు, విప్పక యుంచవలెను. ఈ ఓర్పే అన్నిటికంటె ముఖ్యమని నా నిశ్చయము. నూనె మితముగా నుండవలెను. మెట్లుమెట్లుగా కత్తిరించినచో భారము తగ్గునుగాని, ప్రేమతో పెంచుకొన్న జడను అందుకై కోయుమని నేను చెప్పజాలను.

ఇంతవరకు చెప్పినది తాత్కాలికపు ఉంగరముల మాట; 1906లో లండనున కార్ల్ నెస్లర్ అను కేశాలంకారకుడు ప్రదర్శించిన విధానమో, క్షారమును, తీవ్రమైన వేడిని ప్రయోగించి, గంధకపు బంధములనే మార్చినది. అట్టి ఉంగరము తలస్నానమునకును చెదరదు, అయినను కుదురునుండి క్రొత్తగా పెరుగు వెంట్రుక తన సహజరూపముతోనే వచ్చును.