‘సెరిమోనియల్ కకావో’ అంటే ఏమిటి? ఎలా కాచుకోవాలి, ఎవరు తాగొద్దు?

ముస్తాబాద్: మన ఇళ్లలో మెహమాన్ వస్తే ముందు చాయ్ వస్తుంది. ఇప్పుడు ఫోన్ రీళ్లలో ఇంకో కప్పు కనిపిస్తోంది. కొవ్వొత్తి వెలిగించి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగే ముదురు గోధుమ రంగు పానీయం అది. పేరు ‘సెరిమోనియల్ కకావో’. తాగితే మనసు నెమ్మదిస్తుందని చెబుతున్నారు. చిన్న ప్యాకెట్‌కే పెద్ద ధర. అసలు ఇదేంటి, మనం తాగొచ్చా, ఇంట్లో ఎలా చేసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

కకావో అంటే కోకోనే

చాక్లెట్ ఏ గింజతో చేస్తారో ఇదీ ఆ గింజే. తేడా తయారీలో ఉంది. కోకో కాయ పగలగొట్టి, గింజల్ని గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెడతారు. తర్వాత ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బుతారు. ఆ ముద్ద చల్లారితే గట్టి దిమ్మ అవుతుంది. దాంట్లో దాదాపు సగం కొవ్వే. కకావో పేరుతో అమ్మేది ఈ దిమ్మనే. ఆ కొవ్వును చాలావరకు పిండేస్తే మిగిలేది కోకో పొడి. దుకాణాల్లో దొరికే డ్రింకింగ్ చాక్లెట్‌లో అయితే ఎక్కువ భాగం చక్కెరే.

‘సెరిమోనియల్ గ్రేడ్’ అనే మాటకు చట్టపరమైన ప్రమాణం ఏదీ లేదు. ఎవరైనా ప్యాకెట్ మీద రాసుకోవచ్చు. కాబట్టి ఆ రెండు మాటలు చూసి రెట్టింపు డబ్బులు పెట్టాల్సిన పని లేదు. పదార్థాల జాబితాలో కోకో ఒక్కటే ఉందా లేదా అన్నదే చూడాలి.

ఈ పంట మనకు దూరమేమీ కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడలో అంతర పంటగా వేస్తారు. 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మొదలైన ‘మనం చాక్లెట్’ అక్కడి రైతుల గింజలతోనే చాక్లెట్ చేస్తోంది.

హలాలా, కాదా?

లేబుల్ మీద ‘కోకో లిక్కర్’ అని కనబడితే చాలామంది ప్యాకెట్ అక్కడే పెట్టేస్తారు. అది మద్యం కాదు. రుబ్బిన కోకో ముద్దకు వ్యాపారంలో ఉన్న పేరు అంతే. పులియబెట్టేటప్పుడు గుజ్జులోని చక్కెర కొంత ఆల్కహాల్‌గా, తర్వాత పుల్లటి ఆమ్లంగా మారుతుంది. ఆ తర్వాత గింజల్ని ఎండబెట్టి వేయిస్తారు. చివరకు తయారయ్యే ముద్ద మత్తు ఇచ్చేది కాదు. చూడాల్సింది విడిగా కలిపే ఎసెన్సులు, జెలటిన్ లాంటి వాటిని. ఇంకా సందేహం ఉంటే మీ మసీదు ఆలిమ్ సాబ్‌ను అడగండి.

పానీయం వేరు, దాని చుట్టూ చేసే తంతు వేరు. కకావోకు మాయా ప్రజల పూజల్లో స్థానం ఉండేది. 1753లో లిన్నేయస్ ఈ చెట్టుకు పెట్టిన ‘థియోబ్రోమా’ అనే పేరుకు గ్రీకులో ‘దేవతల ఆహారం’ అని అర్థం. ఇప్పటి ‘కకావో సెరిమొనీ’ మాత్రం గత రెండు మూడు దశాబ్దాల్లో వ్యాపించినది. కొన్ని చోట్ల కకావో ఆత్మను పిలుస్తామని కూడా అంటారు. అది మన దారి కాదు.

ఇలాంటి చర్చ మనవాళ్లకు కొత్త కాదు. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా కాఫీ తాగేవారు. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు. ఇప్పుడు అరబ్బు ఇళ్లలో మర్యాద అంటేనే ఖహ్వా.

ఇద్దరికి ఇలా కాచండి

కోకో దిమ్మ 40 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు, రెండు ఇలాచీలు, చిన్న దాల్చినచెక్క ముక్క, చిటికెడు ఉప్పు తీసుకోండి. తీపికి గింజ తీసిన మూడు ఖర్జూరాలు లేదా ఒక చెంచా బెల్లం చాలు.

ఇలాచీ, దాల్చినచెక్క, నలిపిన ఖర్జూరం వేసి నీళ్లు మరిగించి దించండి. రెండు నిమిషాలు ఆగి వడకట్టండి. తురిమిన కోకో, ఉప్పు వేసి కవ్వంతో నురగ వచ్చేదాకా చిలకండి. మెక్సికోలోనూ దీనికి మన కవ్వం లాంటి కట్టెనే వాడతారు. పాత మాయా ఇళ్లలో ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోసి నురగ తెప్పించేవారు. మన హోటల్ చాయ్‌వాలా చేసే పనే అది.

రుచి మొదట చేదుగా ఉంటుంది. గటగటా తాగేది కాదు. ఫోన్ పక్కన పెట్టి, బిస్మిల్లాహ్ అని, గుక్క గుక్కకు ఆగుతూ తాగండి. అసర్ తర్వాత ఇంట్లో అందరూ ఒక చోట కూర్చునే పావుగంట దీనికి మంచి సమయం. మనసు నెమ్మదించడంలో ఆ పావుగంటకూ పెద్ద వాటా ఉంది. అది చాయ్‌తో కూడా దొరుకుతుంది.

ఎవరు జాగ్రత్త పడాలి?

కోకోలో థియోబ్రోమిన్, కొంచెం కెఫీన్ ఉంటాయి. రెండూ గుండె వేగాన్ని పెంచగలవు. గుండె జబ్బు, గుండె దడ ఉన్నవాళ్లు, డిప్రెషన్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు. సెరిమొనీల్లో ఒకరికే 40 గ్రాముల దాకా ఇస్తారు. ఇంట్లో 20 గ్రాములు దాటించొద్దు. ఇషా తర్వాత తాగితే నిద్ర చెడొచ్చు.

రక్తం తక్కువ ఉన్న అమ్మీలు, చెల్లెళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. చాయ్ లాగే కోకో కూడా ఒంటికి ఐరన్ అందకుండా అడ్డుపడుతుంది. ఐరన్ గోలీ వేసుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు తాగకండి, గంట రెండు గంటలు తేడా ఉంచండి. షుగర్ ఉన్నవాళ్లు ఖర్జూరం, బెల్లం లేకుండా కాచుకోవాలి. కోకోలో కాడ్మియం, సీసం లాంటి లోహాలు కొద్దిగా ఉండే అవకాశం ఉంది కాబట్టి చిన్న పిల్లలకు రోజూ పట్టొద్దు.

ఇది రోగాలు తగ్గించే మందు కాదు. 21,000 మందికి పైగా పాల్గొన్న అమెరికా పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. కోకో సారం గోలీలు వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే, స్పష్టంగా తగ్గాయని తేలలేదు. బీపీ గోలీ మానేసి కకావో తాగమని ఎవరైనా చెబితే వినకండి. ఇష్టమైతే వారానికి ఒకటి రెండుసార్లు, ఇంట్లోవాళ్లతో కూర్చుని తాగండి. అది చాలు.