నిశ్శబ్దాన్ని కాపాడుకుంటున్న నియూ

ఆక్లాండ్‌లో మంగళవారం పొద్దున విమానం ఎక్కినవాళ్లు మూడున్నర గంటల ప్రయాణం తర్వాత సోమవారం మధ్యాహ్నం కిందికి దిగుతారు. దారిలో అంతర్జాతీయ దినరేఖ దాటడం వల్ల క్యాలెండర్ ఒకరోజు వెనక్కి వెళుతుంది. దిగిన చోటు పేరు నియూ. న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా సుమారు 2,400 కిలోమీటర్ల దూరాన, టోంగా, సమోవా, కుక్ దీవుల మధ్య ఒంటరిగా నిలిచిన పగడపు దీవి అది. విస్తీర్ణం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 1,700. రాజధాని అలోఫీ మన దగ్గర ఓ చిన్న పల్లెటూరంత ఉంటుంది. 1974 నుంచి ఇది స్వపరిపాలన ఉన్న దేశం. న్యూజిలాండ్‌తో స్వేచ్ఛానుబంధం కొనసాగుతోంది, ఇక్కడివాళ్లందరికీ ఆ దేశ పౌరసత్వం ఉంది.

ఈ దీవి ఉన్న పాలినీషియా ప్రాంతం అనగానే బోరాబోరా దీవి ఫొటోలే కళ్లముందు మెదులుతాయి. తెల్లని ఇసుక, నీళ్ల మీద గుడిసెలు, వరుసగా రిసార్టులు. నియూలో పొడవైన ఇసుక తీరాలు లేవు. విహారనౌకలు వచ్చి ఆగే ఓడరేవూ లేదు. పెద్ద హోటల్ అని చెప్పుకోదగ్గది ఒక్కటే. ప్రశాంతంగా కొన్నాళ్లు గడపాలనుకునేవారికి ఈ లేనివే వరాలు. అయితే ఈ ప్రశాంతత దానంతటదే నిలబడలేదు. ఇక్కడి ప్రజలు దాన్ని నియమాలతో కాపాడుకుంటూ వస్తున్నారు. అక్కడికి వెళ్లాలనుకునేవారు మొదట తెలుసుకోవలసింది ఆ సంగతే.

నది లేని నేల, తేటైన నీరు

సముద్రగర్భంలో పుట్టిన పగడపు దిబ్బ లక్షల ఏళ్లలో పైకి లేచి ఈ దీవి అయింది. అందుకే ఒడ్డున ఇసుకకు బదులు నిట్టనిలువు సున్నపురాతి కొండచరియలుంటాయి. వాటి మీద దాదాపు 60 మీటర్ల ఎత్తున చదునైన నేల. కురిసిన వాన నిలవకుండా రాతి రంధ్రాల్లోంచి లోపలికి ఇంకిపోతుంది. నదీ లేదు, వాగూ లేదు. సముద్రంలోకి బురద మోసుకొచ్చే ప్రవాహమే లేకపోవడంతో నీరు అసాధారణంగా తేటగా ఉంటుంది. అనుకూలమైన రోజుల్లో నీటిలోపల డెబ్భై మీటర్ల దూరం దాకా కనిపిస్తుందని డైవర్లు చెబుతారు.

ఈ రాయే దీవికి అందాన్నిచ్చింది. తీరం చుట్టూ అరవై కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు నుంచి సముద్రానికి దిగే కాలిబాటలను ఇక్కడ సీ ట్రాక్‌లంటారు. ఒక్కో బాట ఒక్కో లోకంలోకి తీసుకెళుతుంది. ఉత్తరాన మటాపా లోయలో రెండు ఎత్తైన రాతిగోడల నడుమ నీలపు మడుగు ఉంది, ఒకప్పుడు రాజుల స్నానఘట్టమట. అక్కడికి దగ్గర్లోనే గుహలోంచి నడిచి చూడాల్సిన తలావా తోరణాలు. లిము మడుగుల్లో రాతి అడుగునుంచి ఊరే చల్లని మంచినీరు వెచ్చని ఉప్పునీటితో కలుస్తుంది, కలిసే చోట కంటికి పొర కమ్మినట్టు అంతా అలుక్కుపోయి కనిపిస్తుంది. అవైకీ గుహ దగ్గరే దీవికి వచ్చిన తొలి మనుషుల పడవ ఒడ్డు చేరిందని స్థానికుల నమ్మకం. తూర్పున టోగో లోయకు వెళ్లాలంటే హువాలు అడవి దాటి, ఈటెల్లా నిలిచిన నల్లరాతి మొనల మధ్య నడిచి, చివర నిచ్చెన దిగాలి. దిగాక ఎదురయ్యేది ఇసుకా, కొబ్బరిచెట్లూ.

పోటుపాట్లను బట్టి ఈ మడుగుల స్వభావం మారిపోతుంది. పాటువేళ ప్రశాంతంగా ఉన్న చోట పోటువేళ అలలు విరుచుకుపడతాయి. కాబట్టి ఏ రోజు ఏది చూడాలన్నది నిర్ణయించేది పోటుపాట్ల పట్టికే. ప్రయాణానికి ముందే దాన్ని దగ్గర పెట్టుకోవడం మంచిది.

తిమింగలాల రుతువు

మే నుంచి అక్టోబరు వరకు వాతావరణం పొడిగా, హాయిగా ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం. జులై నుంచి అక్టోబరు మధ్య అంటార్కిటికా నుంచి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కని పెంచడానికి ఇక్కడికి వస్తాయి. ఒడ్డు దాటగానే సముద్రం లోతెక్కువ కాబట్టి అవి తీరానికి చాలా దగ్గరగా తిరుగుతాయి. కొండచరియ మీద కూర్చునే వాటిని చూడవచ్చు. నీళ్లలోకి దిగి చూడాలంటే లైసెన్సున్న నిర్వాహకుల వెంట, వాళ్లు చెప్పిన దూరం పాటిస్తూ వెళ్లాలి. తల్లీపిల్లలు విశ్రాంతి తీసుకునే చోటికి మనం అతిథులుగా వెళుతున్నామన్న స్పృహ ఉండాలి.

నియూలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని కటువాలి అనే సముద్రపాము కూడా ఈ నీళ్లలో కనిపిస్తుంది. విషమున్నా సాధుజంతువు. తాకకుండా దూరం నుంచి చూస్తే చాలు.

వద్దు అని చెప్పగలిగిన దేశం

ఏదైనా తగ్గిపోతోందనిపిస్తే కొంతకాలం దాని జోలికి వెళ్లకుండా కట్టడి చేసే ఆచారం ఇక్కడ పాతకాలం నుంచీ ఉంది. దాన్ని ఫోనో అంటారు. తీరంలో ఒక భాగాన్ని చేపలవేటకు మూసేయడం అలాంటిదే. ఆ పాత బుద్ధినే ఈ కాలపు చట్టాల్లోకీ తెచ్చారు. 2022లో నియూ తన ప్రత్యేక ఆర్థిక సముద్రమండలం మొత్తాన్ని, అంటే మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అందులో 40 శాతం మేర చేపలవేట పూర్తిగా నిషిద్ధం. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, రాత్రి ఆకాశపు చీకటిని కాపాడినందుకు ఇచ్చే డార్క్ స్కై గుర్తింపును దేశం మొత్తానికీ పొందిన తొలి దేశంగా నియూ నిలిచింది. వీధి దీపాలన్నీ మార్చి, ఇళ్ల బయటి వెలుతురును తగ్గించి సాధించిన గౌరవం అది. చంద్రుడు లేని రాత్రులు వచ్చేలా తేదీలు చూసుకుంటే పాలపుంతను అక్కడ తనివితీరా చూడవచ్చు.

ఆదివారం కూడా అలాంటి ఓ కట్టడే. 1846లో సమోవా నుంచి తిరిగొచ్చిన పెనియమినా అనే స్థానికుడి ద్వారా ఇక్కడ క్రైస్తవం వేళ్లూనింది. నేటికీ ఆదివారం చర్చికీ, కుటుంబానికీ, విశ్రాంతికీ కేటాయించిన రోజు. ఆ రోజు పడవలు కదలవు, చేపలు పట్టరు. ఎక్కువ దుకాణాలు మూసే ఉంటాయి. ఒకరోజు వృథా అయిందని బాధపడకుండా చర్చికి వెళ్లి వాళ్ల సామూహిక గానం వినండి. ఈతదుస్తులు నీటి దగ్గరకే పరిమితం, ఊళ్లో తిరిగేటప్పుడు ఒంటినిండా బట్టలుండాలి. రోడ్డు మీద ఎదురైన ప్రతి బండికీ చెయ్యి ఊపడం ఇక్కడి మర్యాద.

తాళం వేసిన ఇళ్లు

ఈ నిశ్శబ్దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది అంత సంతోషకరమైనది కాదు. 2018 జనగణన ప్రకారం న్యూజిలాండ్‌లో తమను నియూ జాతివారిగా చెప్పుకున్నవారు 30 వేలకు పైనే. దీవిలో ఉన్నవారికి ఎన్నో రెట్లు. చదువుకూ, ఉద్యోగాలకూ ఆక్లాండ్ వెళ్లినవారిలో తిరిగొచ్చేవారు తక్కువ. 2004 జనవరిలో హెటా తుపాను అలలు కొండచరియలు దాటి వచ్చి ఆసుపత్రినీ, మ్యూజియాన్నీ తుడిచిపెట్టాక వలసకు మరో కారణం దొరికింది. పల్లెల్లో రోడ్డు పక్కన తలుపులు మూసిన, కప్పులు కూలిన ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. పిల్లలంతా గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిపోయిన మన పల్లెల్లో తాళం వేసిన ఇళ్లు చూసినవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

అందుకే ఇక్కడ పర్యాటకుడు పెట్టే ఖర్చుకు విలువెక్కువ. స్థానిక కుటుంబం నడిపే బసలో దిగడం, ఊరి మనిషినే గైడుగా పెట్టుకోవడం, వారపు సంతలో బొప్పాయి, అరటిపళ్లు, కొబ్బరికాయలు కొనడం వంటివన్నీ ఒక యువకుడు ఊళ్లోనే ఉండిపోవడానికి దోహదం చేస్తాయి. చేమదుంప, బొప్పాయి, కొబ్బరిపాలు కలిపి ఆకుల్లో చుట్టి కాల్చే తకిహీ శాకాహారులకూ నచ్చుతుంది. ఉగా అనే కొబ్బరిపీత ఇక్కడి ప్రియమైన వంటకమే అయినా, నెమ్మదిగా ఎదిగే ఆ జీవి సంఖ్య తగ్గుతోంది. దాన్ని తినకుండా ఉండటమే మేలు.

ఇలా సిద్ధం కండి

• హైదరాబాద్ నుంచి సింగపూర్ వంటి చోట విమానం మారి ఆక్లాండ్ చేరాలి. అక్కడి నుంచి నియూకు వారానికి ఒకటి రెండు విమానాలే ఉంటాయి. ముందు ఆ టికెట్ ఖాయం చేసుకుని మిగతావి దాని ప్రకారం కుదుర్చుకోండి.

• దినరేఖ లెక్క మరవకండి. మంగళవారం బయల్దేరితే గది సోమవారం నుంచి కావాలి. తిరుగు ప్రయాణంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది.

• విహారానికి వచ్చినవారు తిరుగు టికెట్, బస వివరాలు చూపితే నియూలో 30 రోజుల వరకు ముందస్తు వీసా అక్కర్లేదు. కానీ భారత పాస్‌పోర్టుకు న్యూజిలాండ్ వీసా తప్పనిసరి. ఆక్లాండ్‌కే తిరిగి రావాలి కాబట్టి ఒకసారికి మించి ప్రవేశించే వీలున్న సందర్శక వీసా తీసుకోండి. బయల్దేరే ముందు తాజా నిబంధనలు సరిచూసుకోండి.

• చెల్లేది న్యూజిలాండ్ డాలరు. తగినంత నగదు వెంట ఉండాలి.

• పెద్ద జబ్బు చేస్తే న్యూజిలాండ్‌కు తరలించాల్సిందే. విమాన తరలింపు ఖర్చు భరించే బీమా లేకుండా వెళ్లకండి.

• పగడపు రాయి కత్తిలా కోస్తుంది. గట్టి అడుగున్న నీటిచెప్పులు, పగడాలకు హాని చేయని సన్‌స్క్రీన్, ఒక టార్చిలైటు సర్దుకోండి.

ఆక్లాండ్‌లో చుట్టాలున్న తెలుగు కుటుంబాలు ఈసారి వాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు ఓ వారం నియూకు కేటాయించవచ్చు. పోటుపాట్లకూ, ఆదివారానికీ, విమానం వచ్చే రోజుకూ తగ్గట్టు తమ ప్రణాళిక మార్చుకోగలిగితే ఈ దీవి ఎవరినీ నిరాశపరచదు. వచ్చినవాళ్లు పాటించే మర్యాద, పెట్టే ఖర్చు అక్కడి పద్ధతులకు బలమైతే, ఆ ఊళ్లలో మూసి ఉన్న తలుపులు కొన్నయినా మళ్లీ తెరుచుకుంటాయి.