పదే పదే మూత్రం వస్తోందా? మగవారిలో ఓవర్ యాక్టివ్ బ్లాడర్ ఎందుకొస్తుంది? చికిత్స ఏంటి?

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీస్ టైంలో వెళ్లేవాళ్లకు జేఎన్‌టీయూ జంక్షన్ ట్రాఫిక్ సంగతి తెలిసిందే. మధ్యలో మూత్రం వస్తే బండి ఆపే చోటు కూడా దొరకదు. అందుకే కొందరు పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. వయసు ప్రభావమనో, షుగర్ అనో సరిపెట్టుకుంటారు కానీ ఇంట్లో కూడా చెప్పరు. ఇది చికిత్స ఉన్న సమస్యే. కాకపోతే మగవారిలో అసలు కారణం తేల్చకుండా మందులు వాడితే ఇబ్బందే.

అసలేంటీ సమస్య?

మూత్రాశయంలో దాదాపు 400 నుంచి 500 మిల్లీలీటర్ల మూత్రం పడుతుంది. అది నిండుతున్నంతసేపూ గోడలోని కండరం వదులుగా ఉండాలి. సగం కూడా నిండకముందే కండరం బిగుసుకుంటే ఉన్నట్టుండి ఆపుకోలేని మూత్రం వస్తుంది. దీన్నే ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. పగలు ఎనిమిది సార్లకు మించి వెళ్లడం, రాత్రి నిద్రలోంచి పదే పదే లేవడం, బాత్రూంకి వెళ్లేలోపే లీక్ కావడం దీని లక్షణాలు.

కారణాలివే

మగవారిలో ముందుగా చూడాల్సింది ప్రొస్టేట్ గ్రంథి. వయసుతో పాటు అది పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. మూత్రాన్ని బయటికి తోయడానికి బ్లాడర్ ఎక్కువ కష్టపడాలి. అలా కొన్నాళ్లకు కండరం అతిగా స్పందించడం మొదలవుతుంది. పక్షవాతం, పార్కిన్సన్స్, వెన్నుపాము దెబ్బల వల్ల నరాల సంకేతాలు తప్పినా ఈ సమస్య రావొచ్చు. షుగర్, ఇన్‌ఫెక్షన్, మూత్రాశయంలో రాళ్లు, మలబద్ధకం, బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. నైట్ షిఫ్టుల్లో వరసగా తాగే టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు, మద్యం దాన్ని ఇంకా పెంచుతాయి.

సొంత వైద్యం ఎందుకు వద్దంటే..

ప్రొస్టేట్ అడ్డు వల్ల బ్లాడర్ పూర్తిగా ఖాళీ కాకపోయినా మాటిమాటికీ మూత్రం వస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అలాంటివాళ్లు తెలిసినవాళ్లు చెప్పారని కండరాన్ని వదులు చేసే మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకుంటే మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు మూత్ర పరీక్ష, షుగర్ టెస్ట్ చేయించి, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. అవసరమైతే పీఎస్ఏ టెస్ట్ కూడా రాస్తారు.

చికిత్స ఎలా?

* డైరీ: మూడు రోజుల పాటు ఏం తాగారు, ఎప్పుడు, ఎంత మూత్రం పోశారో రాసుకోండి. డాక్టర్‌కి ఇది చాలా ఉపయోగపడుతుంది.
* బ్లాడర్ ట్రైనింగ్: గంటకోసారి వెళ్తుంటే ముందు 15 నిమిషాలు ఆగడం అలవాటు చేసుకోవాలి. మెల్లగా రెండున్నర, మూడు గంటల వరకు పెంచాలి. ఫలితానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు.
* వ్యాయామం: గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను 5 సెకన్లు బిగించి వదలాలి. ఒక్కోసారి 10 చొప్పున రోజుకు మూడుసార్లు చేయాలి.
* నీళ్లు: మానేయొద్దు. మూత్రం చిక్కబడితే బ్లాడర్‌కి మంట ఎక్కువవుతుంది, మలబద్ధకం వస్తుంది. పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గించండి.
* మందులు: సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్ లాంటివి కండరాన్ని శాంతపరుస్తాయి. నోరు ఎండడం, మలబద్ధకం రావొచ్చు. పెద్ద వయసువారిలో మతిమరుపు పెరగొచ్చు. మిరాబెగ్రాన్ వాడేవారు బీపీ చూపించుకోవాలి. ప్రొస్టేట్ అడ్డుంటే టామ్సులోసిన్ లాంటివి ఇస్తారు.
* మందులకు తగ్గకపోతే: మూత్రాశయ గోడలో బొటాక్స్ ఇంజెక్షన్లు, చీలమండ దగ్గరి నరానికి స్వల్ప కరెంటుతో ప్రేరణ ఇచ్చే చికిత్స ఉన్నాయి.

వెంటనే వెళ్లాల్సిందెప్పుడు?

మూత్రంలో రక్తం, జ్వరంతో పాటు మంట, కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం అస్సలు రాకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ రంగంలో పంజాగుట్ట నిమ్స్, ఉస్మానియా ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. కూకట్‌పల్లి వాళ్లు మియాపూర్-ఎల్బీనగర్ మెట్రోలో నేరుగా పంజాగుట్టకు చేరుకోవచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ని అడగండి.