మా ఇంటి గినీ పిగ్‌లు



పెంపుడు జంతువు అనగానే మనకు కుక్క, పిల్లి గుర్తుకొస్తాయి. పల్లె అయితే ఆవు, మేక, కోడి. కాని ఎలుక జాతి జంతువును ముద్దుగా పెంచుకునే ఇల్లు మన వైపు అరుదు. ఎలుక అంటే మనకు ధాన్యం కొల్లగొట్టే దొంగ. వినాయకుడి పక్కన కనిపించినప్పుడు మాత్రం దండం పెడతాం. ఆ జాతిలోనే గాదెల జోలికి పోకుండా, వేల ఏళ్ళుగా మనిషి చేతి కింద పెరుగుతున్న సాధు జంతువు ఒకటుంది. దాని పేరు గినీ పిగ్. గినీ పంది అని కూడా రాస్తారు. ఈ జంతువుతో రోజులు ఎలా గడుస్తాయో, దాన్ని తెచ్చుకునే ముందు ఏం ఆలోచించాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు పేరు సంగతి. ఇది పందీ కాదు, గినీ దేశానిదీ కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం, అంటే నేటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల వైపు. అక్కడివాళ్ళు దీన్ని మాంసం కోసం వేల ఏళ్ళ నుంచి ఇళ్ళల్లో పెంచుతున్నారు. 16వ శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ చేరాక అక్కడ ముద్దుల జంతువు అయింది. పెద్దదైతే ముప్పావు కిలో నుంచి కిలో పైచిలుకు తూగుతుంది. తోక ఉండదు. ముందు కాళ్ళకు నాలుగేసి, వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళు. గెంతి గోడ దూకలేదు, పిల్లిలా ఎక్కలేదు. శత్రువు కనిపిస్తే దాక్కోవటం ఒక్కటే దానికి తెలిసిన విద్య.

మా ఇంట్లో ఇవి రెండున్నాయి, రెండూ ఆడవే. మాది బళ్ళారి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నేను బడిలో సైన్సు పాఠాలు చెబుతాను. మా తమ్ముడు వీటిని బెంగుళూరు నుంచి తెచ్చిన రోజున మా అత్తగారు ఒకటే మాట అన్నారు: "ఎలకల్ని పట్టేదానికి బోను పెడ్తాంటే, దుడ్డిచ్చి ఎలకల్ని తెస్తారా!" పక్కింటివాళ్ళు వచ్చి "ఇదు మొలానా?" అని అడిగారు, కుందేలేమో అనుకుని. మా అమ్మాయి మాత్రం అప్పటికే పేర్లు పెట్టేసింది. ఒకటి అల్లం, ఇంకొకటి బెల్లం.

రెండెందుకని అడగవచ్చు. ఈ జంతువు మందలో బతికేది. ఒంటరిగా ఉంచితే దిగులుపడి మూలకు చేరుతుంది. స్విట్జర్లాండులో అయితే ఇలాంటి జంతువులను ఒంటరిగా పెంచకూడదని 2008లో నిబంధనే తెచ్చారు. అలాగని ఆడ, మగ కలిపి తెచ్చుకుంటే మరో చిక్కు. గర్భం సుమారు 59 నుంచి 72 రోజులు. ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్ళీ కడుపుతో కాగలదు. పిల్లలు కళ్ళు తెరిచి, ఒంటి నిండా బొచ్చుతో, పళ్ళతో సహా పుడతాయి. నెల తిరిగేసరికి ఆడపిల్ల కూడా తల్లి కావటానికి సిద్ధం. ఏడాది లోపల ఇల్లు మంద అయిపోతుంది. అందుకని రెండు ఆడవి తెచ్చుకోవటం మేలు.

ఇక దినచర్య. తెల్లవారుజామున వంటింటి దీపం వెలగ్గానే "వీక్, వీక్" అని ఈల వేసినట్టు అరుపు మొదలవుతుంది. ఆకలి పిలుపు అది. కొత్తంబరి సొప్పు కట్ట విప్పిన చప్పుడు వినిపించినా అదే కేక. ఒళ్ళో పెట్టుకుని నిమిరితే గొంతులో సన్నగా గుర్రుమంటుంది. పళ్ళు టకటక కొట్టిందంటే కోపం వచ్చిందన్నమాట. సంతోషం పట్టలేనప్పుడు నిలుచున్న చోటే పేలాల గింజలా పైకి ఎగురుతుంది.

తిండిలో ముప్పాతిక మువ్వీసం గడ్డే. ఎండుగడ్డి పగలూ రాత్రీ ముందు ఉండాలి. ఎందుకంటే దాని 20 పళ్ళూ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. లేకపోతే పెరిగి, నోరు మూయనివ్వవు, నమలనివ్వవు. మన దగ్గర గరికకు కరువు లేదు. తెలుగులో గరిక, కన్నడంలో గరికె, రెండు భాషల్లోనూ వినాయకుడికి ఇష్టమైనది అదే. ఆయన వాహనానికి దూరపు చుట్టమైన ఈ జంతువుకూ అదే ప్రాణం. అయితే పురుగుమందు చల్లిన గట్టు మీద గరిక తేకూడదు. కుదురె మెంతె అని మనవాళ్ళు పశువులకు వేసే లూసర్న్ గడ్డిలో సున్నం ఎక్కువ. పిల్లలకూ చూడివాటికీ మంచిదే కాని, పెద్దవాటికి రోజూ వేస్తే మూత్రంలో రాళ్ళు రావచ్చు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొలకలు, అన్నం, రొట్టె, పాలు, మిఠాయి వద్దు. చుట్టాలు వచ్చినప్పుడు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. ముద్దు చేసి బిస్కెట్టు పెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడ సైన్సు పాఠం ఒకటి ఉంది. కుక్క, పిల్లి, ఆవు, ఆఖరికి మామూలు ఎలుక కూడా సి విటమిన్‌ను తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు. గినీ పిగ్‌కూ లేదు. తిండిలో అందకపోతే మనకు వచ్చినట్టే దానికీ స్కర్వీ వస్తుంది. చిగుళ్ళ నుంచి రక్తం, కీళ్ళ వాపు, నడవలేకపోవటం, చివరకు చావు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ ఈ జంతువులకు ఒట్టి ధాన్యం పెట్టి చూసినప్పుడు స్కర్వీ లక్షణాలు కనిపించాయి. నావికులను శతాబ్దాల పాటు చంపిన జబ్బును ప్రయోగశాలలో పరిశీలించే దారి అలా దొరికింది. 1932లో సెంట్-జార్జీ అనే హంగేరీ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు వీటి మీదే పరీక్షించి, తాము చేతిలో పట్టుకున్న పదార్థమే సి విటమిన్ అని తేల్చారు. ఆ పదార్థం ఆయనకు సమృద్ధిగా దొరికింది తన ఊళ్ళో పండే పాప్రికా మిరపకాయల్లో. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనం చీకే సి విటమిన్ బిళ్ళ వెనక ఈ మూగజీవాల ప్రాణాలున్నాయి.

అందుకని మా ఇంట్లో పొద్దున్నే ఒక్కొక్కదానికి బెంగుళూరు మిరపకాయ ముక్క ఒకటి, కొద్దిగా కొత్తిమీర పెడతాం. ఒక్కో రోజు మిరపకాయకు బదులు ఉసిరికాయ చిన్న బద్ద గాని, జామకాయ చిన్న ముక్క గాని. పండులో తీపి ఉంటుంది కనుక వారానికి ఒకటి రెండుసార్లకు మించకూడదు. పెద్ద జంతువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. దుకాణంలో అమ్మే గుళికల దాణాలో అది కలిపి ఉంటుంది గాని, తయారైన మూడు నెలలకు చాలా మటుకు పోతుంది. తేదీ చూసి కొనాలి.

ఇంకో వింత. ఇది తన మెత్తని పెంటికలను తానే తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళు ముక్కు మీద వేలు వేసుకుంటారు. ఆవు నెమరు వేసి గడ్డిలోని సారాన్ని రెండోసారి తీసుకుంటుంది కదా, ఇదీ అలాంటి ఏర్పాటే. పేగులో తయారైన బి విటమిన్లు అలా వంటికి పడతాయి. మాన్పించకూడదు.

నివాసం సంగతి. రెండింటికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చోటు కావాలి. అడుగున తీగల జల్లెడ ఉంటే పాదాలు పుండ్లు పడతాయి. గట్టి నేల మీద పాత పేపర్లు, పైన ఎండుగడ్డి పరచి, తడిసింది రోజూ తీసివేయాలి. రాత్రి పిల్లీ పందికొక్కూ రాకుండా పైన గట్టి జాలీ ఉండాలి. దాక్కోవటానికి ఒక్కొక్కదానికి ఒక గూడు ఉంటే మంచిది. ముట్టుకున్న తరువాత పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తామర వంటి చర్మవ్యాధి దీని నుంచి మనకు అంటే వీలుంది.

మా జిల్లాలో అన్నిటికన్నా పెద్ద గండం ఎండ. ఈ జంతువుకు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. ఉగాది దాటాక బళ్ళారిలో 40 దాటే రోజులుంటాయి. కుక్కలా నాలుక చాపి రొప్పి ఒళ్ళు చల్లార్చుకోవటం దానికి చేతకాదు, మనలా చెమటా పట్టదు. అందుకని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, షాబాదు బండ మీద పెడతాం. పడుకోవటానికి వెడల్పు మూతి మట్టికుండను పక్కకు దొర్లించి ఉంచుతాం. కిటికీకి తడిపిన గోనెపట్టా. మధ్యాహ్నం పూట గడ్డకట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. కాళ్ళు బారజాపి, నోట చొంగ కారుతూ, ఊపిరి వేగంగా తీస్తుంటే వడదెబ్బ అని గుర్తు. చల్లటి నీళ్ళతో చెవులు, పాదాలు తడిపి వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. మంచునీళ్ళలో ముంచకూడదు.

ఈ జంతువు తన బాధను దాచుకుంటుంది. వేటాడే జంతువుల మధ్య బతికిన జీవి కదా, నీరసం బయటపడితే ముందు దాన్నే పట్టుకుపోతాయి. అందుకని జబ్బు ముదిరేదాకా మామూలుగానే కనిపిస్తుంది. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, బెల్లం అరవలేదే" అంది. చూస్తే గూట్లో బాగానే కూర్చుని ఉంది, కళ్ళు తేటగానే ఉన్నాయి. కాని రాత్రి వేసిన గడ్డి ఒకవైపు అలాగే ఉంది, పెంటికలు చిన్నవిగా పడ్డాయి. తూస్తే వారంలో 80 గ్రాములు తగ్గింది. పశువైద్యశాలలో డాక్టరుగారు నోరు తెరిచి చూసి, వెనక పన్ను ఒకటి వంకరగా పెరిగి నాలుకకు గీసుకుంటోందని చెప్పి దాన్ని అరగదీశారు. "ఒక రోజు తినకపోతే దీని పేగు ఆగిపోతుంది. ఇంకో రోజు చూద్దామనుకుంటే చేతికి దక్కేది కాదు" అన్నారు. మూడు రోజులు నానబెట్టిన గుళికల జావను సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా పట్టాం. రాత్రి రెండు గంటల వంతు మా అత్తగారిది. నాలుగో రోజు పొద్దున మళ్ళీ ఈల వినిపించింది.

కనుక ఈ మూడూ గుర్తుంచుకోండి. రోజూ తిండి, పెంటికలు చూడండి. వారానికొకసారి వంటింటి త్రాసు మీద తూచి పుస్తకంలో రాయండి. 50 గ్రాములకు మించి తగ్గితే ఆగకండి. ఇంట్లో ఉన్న మాత్ర ఎన్నడూ వేయకండి. మనకు మేలు చేసే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ మందులు దీని పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి దీని ప్రాణమే తీస్తాయి. పశువైద్యుడికి చూపించినప్పుడు కూడా ఇది గినీ పిగ్ అని, ఎన్ని రోజులుగా తినలేదో స్పష్టంగా చెప్పండి.

పిల్లలు అడిగారని ఇలాంటి జంతువును తెచ్చేముందు పెద్దలు ఒక లెక్క వేసుకోవాలి. దీని ఆయుష్షు సుమారు 5 నుంచి 7 ఏళ్ళు. ఆరో తరగతి పిల్ల మారాం చేసి తెప్పించుకుంటే, ఆ పిల్ల పియుసి పరీక్షలు రాసేనాటికీ అది ఉంటుంది. ఆమె పరీక్షలప్పుడు గడ్డి ఎవరు వేస్తారు? ఊరెళితే ఎవరికి అప్పగిస్తారు? సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాలంటే మాకు ఇప్పటికీ ఇదే మొదటి ప్రశ్న. దీనికి జవాబు చెప్పుకోగలిగినవాళ్ళు నిశ్చింతగా పెంచుకోవచ్చు. చెప్పుకోలేనివాళ్ళు తేకపోవటమే ఆ జీవికి చేసే మేలు.

పెంచుకునే ఇంటికి ఇది ఇచ్చేది ఒకటుంది. ఇతరుల బాధను వాళ్ళు నోరు విప్పి చెప్పకముందే కనిపెట్టటం. మా అమ్మాయి ఇప్పుడు వాళ్ళ నానమ్మ భోజనం దగ్గర ఒక ముద్ద తక్కువ తిన్నా, "ఏమైంది నానమ్మా?" అని అడుగుతోంది. ఆ అలవాటు బడిలో ఏ పాఠంతో నేర్పాలో ఉపాధ్యాయురాలిగా నాకు తెలియదు. ఇంట్లో మాత్రం గడ్డి వేస్తూ, త్రాసు చూస్తూ దానంతట అదే వచ్చింది.