విద్యార్థి ప్రాజెక్టుగా సంగీతపత్రిక: స్వీయచిత్ర నియమం – కృష్ణాడెల్టా అన్వయం

వ్యాససంగ్రహం:
ఒక కొత్త సంగీతపత్రికకు ముఖపత్రం, విషయసూచిక, జంటపుటల కథనం రూపొందించడం మాధ్యమ అధ్యయనాల్లో పేరొందిన విద్యార్థి ప్రాజెక్టు. ఇందులో వాడే ప్రతి ఛాయాచిత్రాన్నీ విద్యార్థి స్వయంగా తీయాలి. పైకి ఇది నకలును అరికట్టే నిబంధనగా కనిపిస్తుంది. కృష్ణాడెల్టాలో అమలు చేస్తే ఇదే నిబంధన విద్యార్థిని క్షేత్రపర్యటనకు పంపి, అతని చేత సంగీతపరంపరను నమోదు చేయిస్తుంది. విషయ ఎంపిక, ఛాయాచిత్రణ, తెలుగు అక్షరాల అమరిక, హక్కులు, మూల్యాంకనం అనే అంశాల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సంగీతపత్రిక, ఛాయాచిత్రణ, పుటల రూపకల్పన, తెలుగు లిపి, పక్కవాద్యం, కృష్ణాడెల్టా.

1. ప్రవేశిక:

ఈ ప్రాజెక్టు స్పష్టమైన రూపంలో కనిపించేది ఇంగ్లండులో. అక్కడి ఓసీఆర్ పరీక్షామండలి 2008లో అమలుచేసిన మాధ్యమ అధ్యయనాల ప్రణాళికలో విద్యార్థులు ముందు అభ్యాసంగా కళాశాల పత్రికకు ముఖపత్రం తయారుచేసేవారు. ఆ తరవాత ఒక కొత్త సంగీతపత్రికకు ముఖపత్రం, విషయసూచిక, జంటపుటల కథనం రూపొందించేవారు. పాఠ్యం, చిత్రాలు రెండూ విద్యార్థివే కావాలి. ఒక్కొక్కరూ కనీసం నాలుగు ఛాయాచిత్రాలు తీయాలి. మొత్తం 100 మార్కుల్లో పరిశోధన, ప్రణాళికలకు 20, నిర్మాణానికి 60, స్వీయసమీక్షకు 20 కేటాయించారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికలో సామాజికసేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ భాగమయ్యాయి. ఈ మార్పుతో తెలుగుశాఖలు కూడా తరగతి వెలుపలి పనికి తగిన విషయాలను వెతుక్కోవలసి వచ్చింది. రచన, సంపాదన, లిపి, క్షేత్రపర్యటన ఒకేచోట కలిసే సంగీతపత్రిక ఆ అవసరానికి సరిపోతుంది. అయితే లండన్ పత్రికను నమూనాగా పెట్టుకొని దానికి తెలుగు అక్షరాలు తొడిగితే ప్రయోజనం నెరవేరదు. నమూనాలో ఏది నిలుపుకోవాలి, ఏది మార్చుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

2. సంగీతపత్రిక – ఛాయాచిత్రం:

అమెరికాలో ‘రోలింగ్ స్టోన్’ తొలిసంచిక 1967 నవంబరు 9 తేదీతో వెలువడింది. దాని ముఖచిత్రం జాన్ లెనన్ నటించిన ఒక చలనచిత్రంలోని స్టిల్. పత్రిక తానుగా తీయించినది కాదు. సినిమా పత్రికలకూ నిర్మాతలు పంపే స్టిల్సే చాలాకాలం ప్రధాన ఆధారం. వాటిలో ఎవరు కనపడాలో, ఎలా కనపడాలో పత్రిక కంటే ముందు మరొకరు నిర్ణయించి ఉంటారు.

భారతీయ శాస్త్రీయసంగీత, నృత్యాల విషయంలో 1983లో చెన్నై నుంచి ఎన్. పట్టాభిరామన్ ప్రారంభించిన ఆంగ్లపత్రిక ‘శ్రుతి’ ప్రసిద్ధం. కళాకారుల జీవితం, సాధన, గురుపరంపర గురించి సుదీర్ఘ కథనాలు వ్రాయవచ్చని ఆ పత్రిక నిరూపించింది. విద్యార్థి మొదటి పని ఇటువంటి పత్రికలను పక్కపక్కన పెట్టి పరిశీలించడం. ముఖపత్రంపై ఎవరున్నారు? ఒంటరిగా ఉన్నారా, బృందంగానా? వాద్యం కనపడుతోందా? చూపు పాఠకుడి వైపా, వాద్యం వైపా? ఈ ప్రశ్నలకు జవాబులు పట్టికగా వేసుకుంటే పాశ్చాత్య ముఖచిత్రంలో వ్యక్తికి, కచేరీ చిత్రంలో బృందానికి దక్కే స్థానాల్లోని తేడా తెలుస్తుంది.

3. కృష్ణాడెల్టాలో విషయ ఎంపిక:

విజయవాడ సంగీతచరిత్రకు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు కేంద్రబిందువు. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యులు పారుపల్లివారు. ఈ పరంపరలో వచ్చినవారే మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 2021లో పద్మశ్రీ పొందిన వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి ఈ సంగీతాన్ని డెల్టా గ్రామాలకు చేర్చింది. నగరంలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఘంటసాల వేంకటేశ్వరరావు పేరుతో నడుస్తోంది. నగరం దాటి వెళ్తే క్షేత్రయ్య పదాలకు నెలవైన మొవ్వ, ఆ పక్కనే కూచిపూడి ఉన్నాయి. పెళ్ళిళ్ళలో, దేవాలయ ఉత్సవాల్లో నాదస్వరం, డోలు వాయించే కుటుంబాలు డెల్టా ఊళ్ళలో ఉన్నాయి.

ఇంత సమృద్ధిలో విద్యార్థి ఒక్క అంశాన్నే ఎంచుకోవాలి. ‘కృష్ణాజిల్లా సంగీతం’ జంటపుటల్లో ఇమడదు. ‘కూచిపూడి ప్రదర్శనలో మృదంగ విద్వాంసుడి ఒక సాయంత్రం’ ఇముడుతుంది. అంశాన్ని పరీక్షించడానికి సులభమైన ప్రశ్న ఒకటుంది: దీన్ని చూపడానికి ఈ నెలలో ఎక్కడికి వెళ్ళి, ఏం ఫోటో తీయగలం? జవాబు లేని అంశం పుస్తకాధార వ్యాసానికి పనికివస్తుంది గానీ ఈ ప్రాజెక్టుకు పనికిరాదు.

ఇక్కడ స్వీయచిత్ర నియమం ఒక చిక్కు తెస్తుంది. పారుపల్లివారు 1951లో కీర్తిశేషులయ్యారు. వారి గురించి వ్రాసే విద్యార్థి పాతచిత్రాన్ని అతికించడానికి వీల్లేదు. పాతచిత్రాన్ని మళ్ళీ ఫోటో తీసినా అది నకలే. కానీ ఆ పరంపరకు చెందిన గురువు ఇంటిగోడపై పటం, దాని కింద పాఠం చెప్పుకుంటున్న శిష్యురాలు, ఆమె చేతివ్రాతలోని స్వరలిపి పుస్తకం, గదిమూలన తంబూర ఒకే చట్రంలో ఉంటే, అది గతంతో వర్తమానానికి గల సంబంధాన్ని చూపే కొత్తచిత్రం. పటాన్ని తీసినవారి పేరు తెలిస్తే చిత్రవివరణలో చెప్పాలి. ఈ విధంగా నియమం విద్యార్థిని పోయినవారి కీర్తి నుంచి నేడు మిగిలిన సాధన వైపు తిప్పుతుంది.

4. కచేరీ ఛాయాచిత్రణ:

రాక్ సంగీతచిత్రాల్లో గాయకుడు నిలబడి ఉంటాడు, కదులుతాడు, దీపకాంతులు మారుతుంటాయి. కర్ణాటక కచేరీలో అందరూ కూర్చునే ఉంటారు. కదలిక అంతా చేతుల్లో, ముఖంలో ఉంటుంది. అందువల్ల కెమెరా కూర్చున్నవారి కంటి ఎత్తుకు దిగాలి. సభామందిరంలో నిలబడి పైనుంచి తీసిన చిత్రంలో కళాకారులు చిన్నబోతారు.

మైకు గాయని నోటిని కప్పేయడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. మైకు ఏ పక్కకు వంగి ఉందో చూసుకొని, దానికి ఎదుటిపక్క నుంచి తీయాలి. ఫ్లాష్ వాడరాదు. అది కళాకారుల ఏకాగ్రతను చెడగొట్టడమే గాక వేదికపైని సహజకాంతినీ చెరిపేస్తుంది. మృదంగంపై చేతివేళ్ళు స్పష్టంగా నిలవాలంటే షట్టర్ వేగం సెకనులో 250వ వంతు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 60వ వంతు దగ్గర ముఖం నిలిచి చేయి చెదురుతుంది. ఆ చెదురును లయసూచనగా కావాలని వాడుకోవచ్చు. ఏది ఎందుకు ఎంచుకున్నారో ప్రణాళిక పుస్తకంలో వ్రాయడం ముఖ్యం.

వాద్యం పట్టే తీరు తెలియనివారు దాన్ని తప్పుగా చూపుతారు. కర్ణాటకపద్ధతిలో వాయులీనం కొసను కుడిపాదంపై ఆనించి వాయిస్తారు. ముఖానికే దగ్గరగా తీసిన చిత్రంలో పాదం పోతుంది, దానితోపాటు ఈ పద్ధతి ప్రత్యేకత కూడా పోతుంది. మృదంగం కుడిమూతపై నల్లనిపూత, తాళం వేసే చేయి, నట్టువాంగం చేసే గురువు చూపు ఇటువంటివే. కచేరీకి ముందు శ్రుతి చేసుకునే సమయంలో, కళాకారులు ఒకరినొకరు చూసుకునేటప్పుడు మంచి చిత్రాలు దొరుకుతాయి. ఇంటిదగ్గర తీసే చిత్రాలకు ఉదయపు కిటికీ వెలుతురు చాలు.

5. ముద్రణ కొలతలు:

తెరపై బాగున్న చిత్రం కాగితంపై చెడిపోవడానికి ప్రధానకారణం కొలత చూసుకోకపోవడం. ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో ముద్రించాలంటే 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి. 4000 × 3000 పిక్సెళ్ళ ఫోన్ చిత్రాన్ని నిలువుగా తీస్తే ముఖపత్రానికి సరిపోతుంది. అదే చిత్రాన్ని అడ్డంగా జంటపుటలకు పరిస్తే వెడల్పుకు 4961 పిక్సెళ్ళు అవసరం. అప్పుడు సాంద్రత దాదాపు 240కి పడిపోతుంది. చిత్రంలో సగం కత్తిరించి వాడితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఏ చిత్రం ఏ పుటకో తీయకముందే నిర్ణయించుకోవాలి. పుట అంచు దాటి నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల చిత్రభాగాన్ని వదలాలి. జంటపుటల మడతలో ముఖం పడకూడదు.

6. తెలుగు అక్షరాల అమరిక:

ఆంగ్లపత్రికల నమూనా పూర్తిగా విఫలమయ్యేది ఇక్కడే. ఆంగ్లంలో శీర్షికకు, వార్తకు తేడా చూపడానికి పెద్దబడి అక్షరాలు ఉన్నాయి. తెలుగులో ఆ భేదం లేదు. పరిమాణం, మందం, రంగు, ఖాళీస్థలం వీటితోనే ఆ తేడా సాధించాలి.

రెండవది వొత్తుల సమస్య. ఆంగ్లపత్రికల్లో ముఖచిత్రంలోని వ్యక్తి తల పత్రికపేరును కొంత కప్పడం సర్వసాధారణం. పేరు సగం కనపడినా పాఠకుడు గుర్తుపడతాడు. తెలుగులో ‘స్వరం’ అనే పేరు కింది భాగాన్ని తల కప్పితే వకారవొత్తు మరుగై ‘సరం’ మిగులుతుంది. అక్షరం అందం తగ్గడం కాదు, అర్థమే మారిపోతుంది. ‘నాదం’, ‘లయ’ వంటి వొత్తులేని పేర్లకు ఈ ప్రమాదం తక్కువ. పత్రిక పేరును ఎంచుకునే దశలోనే లిపిని కూడా ఆలోచించాలని ఈ ఉదాహరణ చెబుతుంది.

పంక్తుల మధ్య ఎడం విషయంలోనూ ఇంతే. ఆంగ్లానికి అక్షరపరిమాణంలో 120 శాతం ఎడం మామూలు. తెలుగులో పైపంక్తి వొత్తులు, కిందిపంక్తి గుడిదీర్ఘాలు ఢీకొనకుండా అంతకన్నా ఎక్కువ, ఒక్కోసారి ఒకటిన్నర రెట్లు, కావాలి. సంధులతో, సమాసాలతో తెలుగుమాట పొడవెక్కుతుంది కనుక సన్నని నిలువువరసల్లో రెండుఅంచులూ సరిచేస్తే మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. వరసను వెడల్పు చేయడమో, కుడి అంచును వదిలేయడమో మేలు.

రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంటులు స్వేచ్ఛగా లభిస్తున్నాయి. ఒక పత్రికకు శీర్షికల కోసం ఒకటి, పాఠ్యం కోసం ఒకటి చాలు. ఇండిజైన్ వాడేవారు తెలుగు అక్షరసంయోగాలు విడిపోకుండా వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఉచితంగా దొరికే స్క్రైబస్, గింప్‌లతోనూ ఈ పని చేయవచ్చు.

కథనంలో స్వరలిపి ఇవ్వదలిస్తే మరింత జాగ్రత్త అవసరం. తారస్థాయికి అక్షరంపైన చుక్క పెడతాం. ‘రి’, ‘ని’లపై గుడి ఉంటుంది కనుక చుక్కను ఇంకా పైకి జరపాలి. 1904లో ఎట్టయపురం నుంచి వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో గమకచిహ్నాలతో సహా అచ్చయింది. సీసపు అక్షరాల కాలంలోనే తెలుగుముద్రణ ఇంత సూక్ష్మతను సాధించిందని గుర్తిస్తే, నేటి విద్యార్థి స్వరలిపిని పుటలో అలంకారంగా వాడడు.

7. అనుమతి, హక్కులు, చిత్రవివరణ:

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రాన్ని తీసిన వ్యక్తే దానికి కర్త. 2012 సవరణ తరవాత ఛాయాచిత్రానికీ ఇతర కళాకృతుల మాదిరిగానే కర్త జీవితకాలం, ఆపై 60 సంవత్సరాలు రక్షణ ఉంది. ప్రదర్శకుల హక్కును కూడా ఆ చట్టం గుర్తిస్తుంది. కచేరీని దృశ్య, శ్రవణ రూపాల్లో రికార్డు చేయడానికి కళాకారుల అనుమతి అవసరం. నృత్యపాఠశాలల్లో పిల్లలను తీసేటప్పుడు గురువుతోపాటు తల్లిదండ్రుల అనుమతినీ వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. తీసిన చిత్రాలను కళాకారుడికి చూపి, ఒక ప్రతి ఇవ్వడం మర్యాద.

చిత్రవివరణలో ప్రధాన గాయకుడి పేరొక్కటే వ్రాసి పక్కవాద్యాలవారిని విడిచిపెట్టడం తరచుగా జరిగే లోపం. చిత్రంలో కనిపించే ప్రతి కళాకారుడి పేరు, వాద్యం, చోటు, తేదీ వ్రాయాలి. యాభై ఏళ్ళ తరవాత ఆ చిత్రాన్ని చూసే పరిశోధకుడికి పుట అందం కంటే ఈ నాలుగు వివరాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

8. మూల్యాంకనం:

ఓసీఆర్ పద్ధతిలో నిర్మాణానికే 60 మార్కులు దక్కేవి. తెలుగుశాఖల్లో ఆ నిష్పత్తిని యథాతథంగా తీసుకుంటే ఖరీదైన కెమెరా ఉన్న విద్యార్థికి అనుకూలమవుతుంది. క్షేత్రపరిశీలనకు, చిత్రవివరణకు, పాఠ్యరచనకు సగానికి తగ్గకుండా మార్కులిచ్చి, మిగిలినవి రూపకల్పనకు, స్వీయసమీక్షకు పంచడం న్యాయం. ఓసీఆర్ స్వీయసమీక్షలోని ఒక ప్రశ్నను మాత్రం తప్పక నిలుపుకోవాలి: ఈ పత్రిక ఏ సామాజికవర్గాలను ఎలా చూపింది? నాదస్వర కుటుంబాన్ని పెళ్ళిపందిట్లో మాత్రమే చూపి, విద్వాంసుణ్ణి వేదికపై చూపిన విద్యార్థి ఆ ఎంపికకు కారణం చెప్పుకోవాలి.

9. ముగింపు:

సంగీతపత్రిక ప్రాజెక్టులో మూడుపుటల రూపం ఇంగ్లండు నుంచి తీసుకోవచ్చు. వ్యక్తి ప్రధానమైన ముఖచిత్రాన్ని, పేరును కప్పే అమరికను, ఆంగ్లానికి తగిన పంక్తుల ఎడాన్ని వదులుకోవాలి. స్వీయచిత్ర నియమాన్ని మాత్రం అక్కడికంటే గట్టిగా పాటించాలి. ఏటా ఒక తరగతి నలభైమంది నాలుగేసి చిత్రాలు తీస్తే, పేర్లతో, తేదీలతో 160 చిత్రాలు శాఖలో చేరతాయి. వాటిని మూలప్రతులతో సహా కళాశాల గ్రంథాలయంలో భద్రపరిస్తే, పరీక్ష కోసం చేసిన పని డెల్టా సంగీతచరిత్రకు ఆధారసామగ్రి అవుతుంది. మార్కులు వేశాక ఆ చిత్రాలను తుడిచిపెట్టకుండా దాచే బాధ్యత అధ్యాపకులది.